తొంభై అని రాయాలి

1. జూన్ 3, లాటు 4417

ఇది సెంటర్ లాగ్ కాదు. ఆ లాగ్ తెర మీద ఉంటుంది. గడులు నింపి వేలు నొక్కడమే తప్ప అందులో మనిషి మాట్లాడేందుకు చోటుండదు. ఇది నా సొంతం. క్లీన్‌రూమ్‌లో వాడే నీలం కాయితం మీద రాస్తున్నాను. మామూలు కాయితం నూగు రాలుస్తుందని లోపలికి రానివ్వరు. ఈ నీలం కాయితం రాలదు, చిరగదు, చెమటకి నానదు. నాకన్నా అదే నయం.

నా పేరు పైడితల్లి. తీర విశ్వవిద్యాలయంలో, వెలుతురుతో పనిచేసే చిప్పులు తయారుచేసే సెంటర్లో చెక్కుడు మిషను నాది. మిషన్ని అందరం ముసలమ్మ అంటాం. అప్పడమంత గుండ్రటి పలకని, వేఫర్ అంటాం, దాని నోట్లో పెడితే, మీదున్న పొరని గ్యాసుతో సన్నగా చెక్కి ఇస్తుంది. ఆ వేఫర్ని కోస్తే మూడొందల నీటికళ్ళు వస్తాయి. ఒక్కోటి గోరంత. కుళాయికి బిగిస్తే నీళ్ళలోకి వెలుతురు పోనిచ్చి, మంచి నీళ్ళయితే పచ్చగా, గని విషం కలిస్తే ఎర్రగా వెలుగుతుంది. జనం ముక్కునీ నాలుకనీ నమ్మడం మానేసి చాలా కాలమైంది. పచ్చయితే తాగుతాం. ఎర్రయితే బిందె బోర్లించి కూర్చుంటాం, వీధిలో పది ఎర్రలు నమోదవగానే మంచినీళ్ళ ట్యాంకరు దానంతటదే వస్తుంది.

ఈరోజు నాకు సన్మానం చేశారు. శాలువా, గాజు ఫలకం, రెండు లడ్డూలు. డైరెక్టరు శశిభూషణ్ మైకులో చదివాడు: "పంతొమ్మిదేళ్ళు. నాలుగు వేల పైచిలుకు లాటులు. ప్రతి లాటూ తొంభై సెకన్లు. ఒక్కసారి కూడా తేడా లేదు. ఇలాంటి రికార్డు మరెక్కడా లేదు." అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేకుండా.

తర్వాత అసలు సంగతి చెప్పాడు. కొండ దిగువన కొత్త ప్లాంటు కట్టారు కదా, మనిషన్నవాడు లేకుండా నడిచేది. దానికి నా రికార్డంతా నేర్పారట. ఇకనుంచి నీటికళ్ళన్నీ అక్కడే. ఇక్కడ ఉత్త పరిశోధనే. ఇంత తేడా లేని పనికి మళ్ళీ పరీక్ష ఎందుకని ప్లాంటులో పరీక్ష గది కూడా పెట్టలేదట.

రెండో లడ్డూ ముట్టకుండా పక్కన పెట్టేశాను. ఎందుకంటే తొంభై సెకన్లు నేను ఏనాడూ చెక్కలేదు.

2. జూన్ 4

నిన్న అంతవరకు రాసి ఆపేశాను.

సెంటర్ పెట్టినప్పుడు, ఎన్ని సెకన్లు చెక్కాలో చెప్పే రెసిపీని కమిటీ రాసింది. గ్యాసు పైదేశం నుంచి వస్తుందనుకుని తొంభై అని రాశారు. వచ్చింది లోకల్ గ్యాసు, కాస్త కోపిష్టిది. తొంభై పెడితే పొర మరీ పల్చబడిపోయేది. అప్పటి డైరెక్టరు ఉపేంద్ర మాస్టారు, కాలం చేశారు పాపం, నన్ను పిలిచి అన్నారు: "అమ్మా పైడితల్లీ, రెసిపీ మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చోవాలంటే ఏడాది. నువ్వు సరిగ్గా వచ్చినప్పుడు ఆపెయ్యి. రాయడం మాత్రం తొంభై అని రాయి." లాగ్‌లోని గడి కూడా తొంభై తప్ప ఇంకో అంకె తీసుకోదు. ముసలమ్మకి చెక్కడమే వచ్చు, రాయడం రాదు. రాసేది మేమే.

సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుందంటే, రంగు. ముసలమ్మకి చిన్న అద్దం కిటికీ ఉంది. పొర పల్చబడేకొద్దీ రంగు మారుతుంది. మొదట ఉల్లిపొర రంగు. తర్వాత మామిడిపండు. తర్వాత చిలకపచ్చ. అక్కణ్ణించి నెమలికంఠం రంగు తిరుగుతుంది చూడండి, అప్పుడు ఆపాలి. ఒక్కోరోజు ఎనభై మూడు సెకన్లు, ఒక్కోరోజు ఎనభై అయిదు. ఇంకో అయిదారు సెకన్లు ఆగితే వంకాయ రంగు. వంకాయ రంగు తిరిగిన కన్ను అబద్ధమాడుతుంది. విషాన్ని చూసి పచ్చగా వెలుగుతుంది. అలాంటివి నా చేతుల్లోంచి బయటికి పోలేదు.

ఇక్కడికి చదువుకోవడానికొచ్చిన పిల్లలు రెండొందల మంది ఉంటారు, అందరికీ నేనే నేర్పాను. రంగు చూసి ఆపు, తొంభై అని రాయి. వాళ్ళు నవ్వేవాళ్ళు, నేర్చుకునేవాళ్ళు, పట్టా పుచ్చుకుని వెళ్ళిపోయేవాళ్ళు. శశిభూషణ్ కూడా వాళ్ళలో ఒకడే. మొదటి నెలలో పద్నాలుగు వేఫర్లు వంకాయ చేసి, సూట్లు మార్చుకునే బల్ల మీద కూర్చుని ఏడిచాడు. నా డబ్బాలోని ఉప్పుచేపా గంజన్నం వాడికి పెట్టాను. అప్పుడు శశిబాబు. ఇప్పుడు సార్.

నిజం చెప్పొద్దూ, నాకూ లోలోపల పొగరుగానే ఉండేది. నేను లేకపోతే ఈ సెంటరు నడవదని. ఆ పొగరుతోనే నోరు విప్పలేదు. ఇప్పుడు ప్లాంటుకి నేర్పింది నా చెయ్యి కాదు, నా రాత.

3. జూన్ 9

డైరెక్టరుతో మాట్లాడదామని మూడుసార్లు వెళ్ళాను. మీటింగు, ప్రయాణం, మీటింగు.

4. జూన్ 27

అప్ప ఫోన్ చేసింది. అప్పంటే మా పెద్దక్క నరసయ్యమ్మ. పాత గని కింద జరజాపు కాలనీలో ఉంటుంది. దాని దగ్గర మనవరాలు జోషిత, అయిదేళ్ళది. తల్లి పోయింది, తండ్రి పడవల మీద. అప్పకి ఆ గుంటే లోకం, మా వైపు ఆడపిల్లని గుంట అనే అంటాం.

"ఒలే పైడీ! ఇన్నావా? మా నీళ్ళు బాగుపడిపోనాయే!" అని ఒకటే సంబరం. "మొన్న కొత్త కళ్ళు బిగించినారు. అన్ని ఇళ్ళలోనూ పచ్చే. గుంట అయితే కుళాయి కింద తల పెట్టి తాగేస్తంది. ట్యాంకరోడితో తగువు తప్పింది మాకు."

నీటికళ్ళు పుట్టిన పంతొమ్మిదేళ్ళుగా ఆ కాలనీ నీళ్ళు ఎర్రే. గని మూసేసినా విషం భూమిలోనే ఉంది. నిన్న ఎర్రగా ఉన్న నీళ్ళు ఇవాళ పచ్చబడ్డానికి ఏ దేవుడు దిగొచ్చాడు?

"అప్పా, ఆ నీళ్ళు తాగకండి" అన్నాను.

"ఏటే, పచ్చ వెలుగుతుంటేనా?"

"వెలిగినా తాగకండి."

"నీకేటైనా మతి పోయిందేటి? ఈ కళ్ళు మీ కాడివి కావేటి? కాలనీలో అందరికీ సెప్పినాను, మా సెల్లి సేసినవి అని" అని నవ్వింది. ట్యాంకరు రావడం మానేసిందట. పచ్చ వెలిగే వీధికి ట్యాంకరు రాదు. మరి ఏం తాగమంటావని అడిగింది. కాచుకు తాగినా ఆ విషం పోదు.

5. జూలై 1

ప్లాంటు నుంచి నమూనాకని ఒక వేఫర్ వచ్చింది. డబ్బా మూత తీసి ఒకసారి వంచి చూశాను. వంకాయ. అంచు నుంచి అంచు దాకా నిగనిగలాడే వంకాయ.

ఇక్కడ పరిశోధన చేసే పిల్ల ఒకతి ఉంది. తన పేరు రాయొద్దంది, రాయను. పొర మందం కొలిచే యంత్రం మీద పెట్టి కొలిచి పెట్టమన్నాను. కొలిచింది. మొహం పాలిపోయింది.

"అక్కా, ఇది చాలా పల్చన. ఈ మందానికి కన్ను ఎర్ర ఎప్పుడు వెలగాలో లెక్క కట్టాను. నీళ్ళలో విషం ఉండాల్సిన హద్దుకి నాలుగింతలైతే గానీ వెలగదు."

"కాయితం మీద వేసి సంతకం పెట్టి ఇయ్యమ్మా."

ఆ పిల్ల చేతి తొడుగులు విప్పింది, మళ్ళీ తొడుక్కుంది. "మా గైడు డైరెక్టరు గారే కదక్కా. సెప్టెంబరులో థీసిస్ పెట్టాలి. నా థీసిస్ మొత్తం మీ లాగ్ మీదే కట్టాను. తొంభై సెకన్ల మీద."

నాకు కోపం రావాలి. రాలేదు. ఆ తొంభై రాయడం నేర్పింది నేనే.

6. జూలై 3

డైరెక్టరు దొరికాడు. గదిలోకి వెళ్ళి తలుపు వేసి, వేఫర్ బల్ల మీద పెట్టాను.

"ఏం రంగో చెప్పండి సార్."

చూశాడు. ఒక్క క్షణం పాత శశిబాబు కళ్ళు కనిపించాయి. తర్వాత అవి పోయాయి. "రంగు అనేది కొలత కాదు పైడమ్మగారూ" అన్నాడు.

"మీ పద్నాలుగు వేఫర్లూ రంగు చూసే పక్కన పెట్టాను. అప్పుడు కొలతే."

కుర్చీ వెనక్కి జరిపి మెల్లగా మాట్లాడాడు. అరవలేదు, బెదిరించలేదు. అరిచినా బాగుండేది. "మీరు చెప్పేది నిజమే అనుకుందాం. అంటే పంతొమ్మిదేళ్ళ లాగ్ అబద్ధం. ఆ లాగ్ మీద రాసిన పేపర్లు అబద్ధం. నా పీహెచ్‌డీ అబద్ధం. ఇక్కడ చదివిన రెండొందల మంది పట్టాలు అబద్ధం. రేపు ఎవరైనా అడిగితే, అంకెలు వేసింది ఎవరు అంటారు. ప్రతి గడి కింద మీ వేలిముద్ర ఉందమ్మా."

"ఉందిలెండి. ఉద్యోగం తీసెయ్యండి, జైల్లో పెట్టండి. ముందు ఆ కళ్ళు పీకించండి. అక్కడ పిల్లలు తాగుతున్నారు."

"సమయం మార్చమని కమిటీకి పెడతాను. కారణం అన్న గడిలో ఏం రాయమంటారు?"

"నిజం."

"కమిటీకి ఏడాది పడుతుంది" అన్నాడు, సరిగ్గా ఉపేంద్ర మాస్టారి మాటే. అయితే మాస్టారు ఆ మాట చెప్పి మంచి కళ్ళు చేయించారు.

"ఇప్పటికే బిగించినవో?" అని అడిగాను. టీ చల్లారిపోతోంది తాగండి అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఉప్పుచేప తిన్న నోరు, ఎలా వచ్చింది ఆ మాట!

7. జూలై 4, లాటు 4431

ముసలమ్మ మీద పరిశోధన లాటు ఒకటి నడిపాను. ఎనభై నాలుగు సెకన్లకి నెమలికంఠం తిరిగింది, ఆపాను. లాగ్ తెరిచి 84 కొట్టాను.

గడి ఎర్రబడింది. చెల్లని విలువ.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. తొమ్మిదిసార్లు కొట్టాను. పదోసారి తెర తనే 90 అని నింపేసుకుంది, ధన్యవాదాలు అంది.

8. జూలై 19

జోషితకి వారం నుంచి వాంతులు. అప్ప గొంతులో సంబరం లేదు. ఆస్పత్రిలో మొదట అడిగింది ఏం నీళ్ళు తాగుతున్నారని. పచ్చ నీళ్ళే అని చెప్పిందట. అయితే నీళ్ళు కాదులే అన్నారట, తిండి మీద పడ్డారు.

9. జూలై 21

సెలవు పెట్టి కాలనీకి వెళ్ళాను.

గుంట మంచం మీద ఉంది. పాదాలు గిల్లితే తెలియడం లేదంది. "చిన్నమ్మమ్మా, నా కాళ్ళు నిద్రపోతన్నాయి" అని నవ్వింది. దాని అరిచేతుల మీద చర్మం గరుకుదేలి ఉంది.

అప్పకి అంతా చెప్పేశాను. గ్యాసు, తొంభై, రంగు, శాలువా, లడ్డూలతో సహా. అప్ప కొట్టలేదు, తిట్టలేదు. గుంట కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని రుద్దుతూ అంది: "పచ్చ వెలిగితే నువ్వు సెప్పినట్టే అనుకున్నానే. పైడి తాగమంది అనుకుని పట్టినాను దీనికి."

ఇంతకన్నా పెద్ద మాట ఏ కోర్టూ అనదు.

సాయంత్రం కుళాయి దగ్గర ఆడవాళ్ళందరినీ పిలిచాను. కంటి మీద గాజు మూత తిప్పితే ఊడొస్తుంది. కంటిని ఎండకి వంచి చూపించాను. "ఇది ఏం రంగు?"

"వంకాయ" అన్నారు నలుగురైదుగురు ఒక్కసారే. పరిశోధన చేసే పిల్లలకి ఇది పట్టుబడడానికి ఒక్కొక్కరికి నెల పట్టేది. వీళ్ళకి ఒక్క చూపు. ఒకావిడైతే "వంకాయలోనూ కాస్త దోరదిలే" అంది.

కళ్ళు మార్చడానికొచ్చిన రోజు కాలనీలో మూడు ఇళ్ళకి తాళాలున్నాయి. ఆ మూడింటికీ పాత కళ్ళే మిగిలాయి. వెళ్ళి చూశాం. నెమలికంఠం. నా చేతివి. వాటి కింద నీళ్ళు పడితే ముందెన్నడూ చూడనంత ఎర్రగా వెలిగాయి.

"అంటే నీ కళ్ళు మంచియే" అంది అప్ప. మెచ్చుకోలుగా కాదు. ఊరికే, చూసింది చెప్పినట్టు.

10. ఆగస్టు 14

అప్ప బుర్రకి దండం పెట్టాలి. మూడు ఎర్రలకి ట్యాంకరు రాదు, పది కావాలి. అయితే ఒక వీధిలో ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా ఆ మూడు కళ్ళనీ ఇల్లిల్లూ తిప్పి బిగిస్తే, పది ఇళ్ళలో ఎర్ర వెలిగినట్టు నమోదవుతుంది. ట్యాంకరు వస్తుంది. మర్నాడు ఇంకో వీధి. మూడు వారాలుగా ఇలాగే తాగుతున్నారు. గుంటకి వాంతులు కట్టాయి. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తోందట.

నాకు ఎన్నాళ్ళకో ఆకలేసింది.

చుట్టుపక్కల కాలనీల వాళ్ళు కూడా వచ్చి రంగు చూడ్డం నేర్చుకుని వెళ్తున్నారట. మూత తిప్పు, ఎండకి వంచు, వంకాయా నెమలా చూడు. అంతే. దీనికి పట్టా అక్కర్లేదు.

11. ఆగస్టు 30

క్లీన్‌రూమ్ తలుపు నా వేలికి తెరుచుకోలేదు. నన్ను గ్రంథాలయానికి మార్చారట. కారణం గడిలో 'విశ్రాంతి' అని ఉంది. తెల్ల సూటు మడతపెట్టి బల్ల మీద పెట్టాను. పేరు రాయొద్దన్న పిల్ల అద్దం అవతల నిలబడి చూసింది, తల దించుకుంది. తన థీసిస్ సెప్టెంబరులోనే.

ఈ నీలం కాయితాలు లోపలినుంచి తెచ్చుకున్న ఆఖరి కట్ట.

12. సెప్టెంబరు 22

నోటీసు వచ్చింది, అందరి తెరల మీదా. 'బయటి వెలుతురు పడి కొన్ని నీటికళ్ళు పొరబడుతున్నట్టు గమనించాం. లోపం సరిదిద్దాం. కొత్త కళ్ళకి నల్ల మూత బిగించబడుతుంది. మూత తీసే ప్రయత్నం చేస్తే కన్ను పనిచేయదు, ఆ ఇంటికి ట్యాంకరు సదుపాయం ఏడాది నిలిపివేయబడుతుంది.' కింద శశిభూషణ్ సంతకం.

రంగు అనేది కొలత కాదన్నవాడికి రంగు మూసెయ్యాలని ఎలా తోచింది? నేను నేర్పింది మర్చిపోలేదన్నమాట. నా శిష్యుల్లో బాగా నేర్చుకున్నవాడు వాడే.

13. అక్టోబరు 5

కాలనీకి వెళ్ళాను. అన్ని ఇళ్ళలోనూ మార్చేశారు. ఈసారి తాళాలున్న ఇళ్ళు కూడా వదల్లేదు. నా మూడు కళ్ళూ పట్టుకుపోయారు. అన్ని కుళాయిలకీ నల్ల మూతలు, అన్నిటి అంచుల్లోంచీ పచ్చ వెలుతురు.

గుంట గడప మీద కూర్చుని ఉంది, చేతిలో ఖాళీ గ్లాసు. అప్ప దాన్ని తాగనివ్వలేదు. కుళాయికి బిగించని నల్ల కన్ను ఒకటి పెట్టెలో వచ్చింది, అదనపుది. అది తెచ్చి నా అరిచేతిలో పెట్టింది.

"ఈసారి సరిసేసినాం అంటన్నారు. నిజంగా సరిసేసినారో, మూత మాత్రమే ఏసినారో. నీకు తెలస్తాది. సూసి సెప్పు పైడీ. పొయ్యమంటే దీనికి పోస్తాను, వద్దంటే పూటంతా పట్టినా కొండెక్కి దీని వరకు ఊటనీళ్ళు తెస్తాను."

ఎండకి పట్టాను. ఇటు వంచాను, అటు వంచాను. అంచు పట్టుకుని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాను. నలుపు. వాకిట్లో ఆడవాళ్ళంతా మూగి నా మొహంలోకి చూస్తున్నారు. నోటీసులో సరిదిద్దాం అని ఉంది. రాతలో ఏమైనా ఉంటుంది, ఆ సంగతి నాకన్నా తెలిసినవాళ్ళెవరు?

"తెలీదప్పా" అన్నాను.

అప్ప నమ్మలేనట్టు చూసింది. గుంట చేతిలో గ్లాసు తీసుకుని బోర్లించింది. బిందె చంకనెత్తుకుంది.

"మరి ఇన్నేళ్ళూ అక్కడేటి సేసినావే?"

"తొంభై అని రాశానప్పా" అన్నాను.